పాత లెన్సుకు చూరు కావాలా, అద్దం కావాలా?

పోయిన నెల పాత కెమెరాల గురించి నాలుగు మాటలు రాశానో లేదో, ఉత్తరాలు వరసపెట్టి వచ్చాయి. అటక మీద దొరికిన లెన్సులు, ఎర్రగడ్డ ఆదివారం సంతలో బేరమాడి కొన్నవి, తాతగారి స్టూడియో మూసేశాక బీరువాలో మిగిలిపోయినవి, ఒక్కోదానిదీ ఒక్కో కథ. ఎక్కువమంది అడిగింది మాత్రం ఒకటే: ముందు ఫిల్టర్ (లెన్సు ముందు బిగించే అద్దం) కొనాలా, హుడ్ (లెన్సు ముందు బిగించే ఎండ అడ్డు) కొనాలా? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: నమస్తే సార్. నాన్నగారి పెంటాక్స్ మీద ఉన్న 50 ఎంఎం ఎఫ్/1.4 సూపర్ టాకుమార్ లెన్సును అడాప్టర్‌తో నా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్) కెమెరాకు తగిలించాను. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నిలబడి బుద్ధుడి విగ్రహాన్ని తీస్తే ఫొటో అంతా పాలు కలిపినట్టు తెల్లగా వచ్చింది. షాపులో అడిగితే యూవీ (అతినీలలోహిత కిరణాలను ఆపే) ఫిల్టర్ పెట్టండి, సరిపోతుంది అన్నారు. కొనమంటారా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

జవాబు: వద్దండీ. ఆ డబ్బుతో హుడ్ కొనండి.

ఎందుకో చెప్తాను. పూత లేని మామూలు గాజు మీద వెలుగు పడితే ఒక్కో ముఖం దగ్గరా దాదాపు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. మీ లెన్సులో 6 గ్రూపులున్నాయి (విడిగా ఉన్న అద్దమైనా, అతికించిన అద్దాల జత అయినా ఒక గ్రూపే), అంటే గాలికి తగిలే ముఖాలు 12. వాటిలో ఏ ఒక్కదానికీ పూత లేదనుకుంటే, లోపలికి వచ్చిన వెలుగులో సుమారు 40 శాతం సెన్సర్ దాకా చేరకుండానే పక్కదారి పడుతుంది. అలా పక్కదారి పట్టినదంతా బయటికి పోతే బాధ లేదు, కొంత లోపలే అద్దాల మధ్య అటూ ఇటూ కొట్టుకుని చివరికి ఫొటో మీద పొగమంచులా పరుచుకుంటుంది. మీరు చూసిన పాలు అవే. దీనికి విరుగుడుగా గాజు మీద పలచని పూత వేసే పద్ధతిని జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా 1935లో కనిపెట్టాడు. మీ సూపర్ టాకుమార్‌కు కూడా పూత ఉంది, కాకపోతే ఒకే పొర. అదే లెన్సుకు పెంటాక్స్ వాళ్ళు ఎస్‌ఎంసి అనే బహుళ పొరల పూత వేయడం 1971లో మొదలుపెట్టారు, అంటే మీ లెన్సు దానికి కాస్త ముందుది. ఇవాళ్టి లెన్సు ఎదురెండను తట్టుకున్నట్టు ఇది తట్టుకోదు. అది లెన్సు తప్పు కాదు, దాని వయసు అంతే.

ఇప్పుడు దాని ముందు యూవీ ఫిల్టర్ పెడితే ఏమవుతుంది? 12 ముఖాలు 14 అవుతాయి. పైగా ఈ కొత్త రెండూ చదునుగా ఉండే ముఖాలు. యూవీని ఆపడం అనే పని ఫిల్మ్ రోజుల్లో అవసరమైంది, డిజిటల్ కెమెరాల్లో ఆ వడపోత సెన్సర్ ముందే ఉంటుంది. కాబట్టి మీకు దాని వల్ల కొత్తగా ఒరిగేది లేదు.

హుడ్ అంటే ఇంటికి చూరు లాంటిది. చూరు లేని ఇంట్లోకి వాన జల్లు ఎలా కొడుతుందో, హుడ్ లేని లెన్సులోకి ఫ్రేములో లేని ఎండ అలా కొడుతుంది. నమ్మకం కుదరకపోతే రేపు పొద్దున్నే బాల్కనీలో నిలబడి చూడండి. సూర్యుడు ఫ్రేములో కనిపించకూడదు, కానీ ముందు అద్దం మీద ఎండ పడుతుండాలి. స్క్రీన్ చూస్తూ రెండో చేతిని లెన్సుకు పైన, కాస్త ముందుకు, చెయ్యి ఫ్రేములోకి రాకుండా అడ్డం పెట్టండి. చేతి నీడ అద్దం మీదికి జారిన ఆ క్షణంలో స్క్రీన్ మీద బూడిద రంగులో ఉన్న నీడలన్నీ ఒక్కసారి నల్లగా దిగుతాయి, ఎదురింటి గేటు మీది తుప్పు మరకలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. నేను ఎన్నిసార్లు చూసినా ఆ మార్పు నాకు పాతబడలేదు. చెయ్యి తీసేయండి, మళ్ళీ పాలు.

ఒక్క మాట. ట్యాంక్‌బండ్ మీంచి సాయంత్రం చూస్తే మీ ముఖం పడమటికే ఉంటుంది. సూర్యుడే ఫ్రేములో ఉంటే ఏ హుడ్డూ ఏమీ చేయలేదు. నాలుగడుగులు పక్కకు జరిగి సూర్యుణ్ణి విగ్రహం వెనక్కి పంపండి, లేదా పొద్దు దిగేదాకా ఆగండి. అలాగే అడాప్టర్ లోపలి గోడ మెరుస్తోందేమో టార్చి వేసి చూడండి. కొన్ని చవక అడాప్టర్ల లోపలంతా నిగనిగలాడుతుంటుంది. నల్ల మఖమల్ గుడ్డ సన్నగా కత్తిరించి అతికిస్తే సగం జబ్బు అక్కడే తగ్గుతుంది, దారాలు మాత్రం ఊడకుండా చూసుకోండి.

ప్రశ్న: అన్నా, నా దగ్గర హీలియోస్ 44-2 ఉంది, కెమెరా క్రాప్ సెన్సర్‌ది. ఆన్‌లైన్‌లో హుడ్‌లు చూస్తే వైడ్, స్టాండర్డ్, టెలి అని మూడు రకాలున్నాయి. ఏది తీసుకోవాలో అర్థం కావడం లేదు.
– బి.టెక్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, నువ్వు టెలి హుడ్‌తో మొదలుపెట్టు. హీలియోస్ 58 ఎంఎం లెన్సు, నీ క్రాప్ సెన్సర్ (ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్న సెన్సర్) మీద అది దాదాపు 87 ఎంఎం లెన్సు చూసినంతే చూస్తుంది. లెన్సు పంపే బొమ్మలో అంచులను సెన్సర్ ఎలాగూ వదిలేస్తోంది కాబట్టి, అక్కడిదాకా వచ్చే వెలుగును కూడా అడ్డుకోవచ్చు. ఎంత పొడుగు హుడ్ పెట్టగలిగితే అంత మంచిది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా వాళ్ళకు మాత్రం ఇదే లెన్సుకు స్టాండర్డ్ హుడ్ సరిపోతుంది.

కొనే ముందు థ్రెడ్ (లెన్సు ముందు అంచున ఉండే మర) సైజు చూసుకో. 44-2 కి 49 ఎంఎం, తర్వాత వచ్చిన 44ఎం రకాలకు 52. పాత టాకుమార్ 50లు, 55లు, ఒలింపస్ ఓఎం చిన్న లెన్సులు చాలావరకు 49. నికాన్ పాత మాన్యువల్ లెన్సుల్లో 52 ఎక్కువ. సైజు లెన్సు ముందు రింగు మీద రాసి లేకపోతే స్కేలు పెట్టి లోపలి వ్యాసం కొలువు.

సరిపోయిందో లేదో ఇంట్లోనే తేలిపోతుంది. ఫోకస్ అనంతానికి తిప్పు, ఎందుకంటే ఇలాంటి లెన్సుల్లో అక్కడే చూపు అన్నిటికంటే వెడల్పుగా ఉంటుంది. మబ్బు పట్టిన ఆకాశాన్నో తెల్ల గోడనో ఒకసారి లెన్సు రంధ్రాన్ని బాగా మూసి ఎఫ్/16లో, ఇంకోసారి పూర్తిగా తెరిచి ఎఫ్/2లో తియ్యి. హుడ్ లేకుండా కూడా అలాగే రెండు తీసి పక్కపక్కన పెట్టి చూడు. హుడ్ వల్ల మూలలు కొత్తగా నల్లబడితే అది నీ లెన్సుకు ఎక్కువ పొడుగు. ఎఫ్/16లో ఆ నలుపు కత్తితో కోసినట్టు ఉంటుంది, ఎఫ్/2లో మసకగా మొదలవుతుంది. రెండూ చూడాలి.

హుడ్ లోపల మెరుపు ఉంటే పారేయకు. సన్నటి సాండ్‌పేపర్‌తో రుద్ది మెరుపు లేని నల్ల పెయింట్ వేస్తే చాలు. ఇక రబ్బరా మెటలా అంటావా, నేనైతే రెండూ సంచిలో పెట్టుకుంటాను. ఆర్టీసీ బస్సు అద్దంలోంచి తీయాలంటే రబ్బరు హుడ్‌ను అద్దానికి ఆనించి నొక్కితే లోపలి మనుషుల నీడలు పడవు, కుదుపులు కూడా అదే మింగేస్తుంది. మెటల్ హుడ్‌కు ఆ గుణం లేదు. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆ దెబ్బ నేరుగా లెన్సు థ్రెడ్ మీదికి పోతుంది.

ప్రశ్న: రంజాన్ నెలలో రాత్రిళ్ళు చార్మినార్ చుట్టూ ఫొటోలు తీస్తుంటాను. ఫొటోల్లో ఆకాశంలో ఆకుపచ్చ చుక్కలు వస్తున్నాయి. లెన్సుకు రక్షణగా ఎప్పుడూ యూవీ ఫిల్టర్ ఉంచుతాను. లెన్సు పాడైందంటారా?
– ఒక పాఠకురాలు, శాలిబండ

జవాబు: లెన్సు పాడవలేదమ్మా. ఆ చుక్కలు ఎక్కడ పడుతున్నాయో ఒకసారి చూడండి. దుకాణం దీపం ఫ్రేములో కింద ఎడమ పక్క ఉంటే, చుక్క పైన కుడి పక్క ఉంటుంది. ఫొటో మధ్య బిందువు మీదుగా గీత గీస్తే రెండూ సరిగ్గా ఎదురెదురు. సెన్సర్ మీద పడిన వెలుగు కొంత వెనక్కి తిరిగి, ఫిల్టర్ చదును అద్దానికి తగిలి, తలకిందులై మళ్ళీ సెన్సర్ మీదికే వస్తే ఇలా జరుగుతుంది. ఫిల్టర్ తీసి అదే ఫొటో తీయండి, దాదాపు అన్నీ పోతాయి.

ఈ విషయంలో నేను కాస్త గట్టిగా మాట్లాడతాను, నాకు కారణం ఉంది. 1987లో మా మేనమామ కూతురి పెళ్ళికి ఫొటోలు నేనే తీశాను. అప్పుడు చిక్కడపల్లిలో ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ణి, లెన్సు గీతలు పడుతుందన్న భయంతో చవక యూవీ ఫిల్టర్ ఒకటి పెట్టి దాని సంగతే మరిచిపోయాను. తెల్లవారుజామున కరెంటు పోయింది. మా అమ్మమ్మ వంగి కుందిలో వత్తి సరిచేస్తోంది, ఆ వెలుగు ఆమె ముక్కుపుడక మీద పడింది. ఒక్కటే తీశాను. కడిగి చూస్తే, దీపం కింద ఎడమ వైపు ఎంత బాగా వచ్చిందో, దాని తలకిందుల బొమ్మ సరిగ్గా ఆమె చెంప మీద అంత బాగానూ వచ్చింది. ఆమె ఆ మరుసటి ఏడాది పోయింది. ఆ ప్రింటు ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది, అందుకే రాత్రిపూట ఫిల్టర్ పెట్టి తీసేవాళ్ళను చూస్తే ఊరుకోలేను.

రక్షణ అవసరమైన రోజులు లేవని కాదు. హోలీ నాడు రంగుల మధ్య, వినాయక నిమజ్జనంలో గులాల్ ఎగురుతున్నప్పుడు, దుమ్ము గాలిలో, సముద్రం దగ్గర ఉప్పు తుంపర్లలో ఫిల్టర్ తప్పకుండా పెట్టండి. అప్పుడు కూడా బహుళ పొరల పూత ఉన్నదే కొనండి. దీపం వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూస్తే పూత ఉన్న అద్దంలో దీపం నీడ మసకగా, ఆకుపచ్చగానో ఊదాగానో కనిపిస్తుంది. పూత లేని దాంట్లో తెల్లగా, కిటికీ అద్దంలో ఉన్నట్టే ఉంటుంది. మిగతా రోజులు వేలి ముద్రల నుంచీ చిన్న చిన్న దెబ్బల నుంచీ హుడ్డే కాపాడుతుంది.

ప్రశ్న: సంతలో కొన్న లెన్సుకు పాత ఫిల్టర్ బిగుసుకుపోయింది. ఎంత తిప్పినా రావడం లేదు.
– రిటైర్డ్ టీచర్, సైదాబాద్

జవాబు: మాస్టారూ, ఎంత గట్టిగా పట్టుకుంటే అంత రాదు. బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే ఆ పలచని రింగు కోడిగుడ్డు ఆకారానికి తిరిగి థ్రెడ్లలో ఇంకా ఇరుక్కుంటుంది. కొత్త రబ్బరు చెప్పు అడుగు భాగాన్నో మౌస్ ప్యాడ్‌నో టేబుల్ మీద పెట్టి, లెన్సును బోర్లించి ఫిల్టర్ అంచు అంతా సమంగా ఆనేలా నొక్కి, లెన్సును మెల్లగా తిప్పండి. చాలాసార్లు అక్కడే వచ్చేస్తుంది. రాకపోతే రింగు చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు చుట్టి, అరచేతిని మొత్తం వాడి తిప్పండి. నూనె మాత్రం వేయకండి, అది పాకుతూ పోయి అపర్చర్ రేకుల (వెలుగు రంధ్రాన్ని పెంచే, తగ్గించే పలచని రేకులు) మీద చేరితే ఆ ఖర్చు వేరు. రింగు అంచు సొట్టపోయి ఉంటే మీరు ప్రయత్నించనే వద్దు, కెమెరా రిపేరు చేసేవాళ్ళ దగ్గర సొట్ట తీసే పనిముట్టు ఉంటుంది. కొత్తది కొనేటప్పుడు ఇత్తడి రింగుది దొరికితే తీసుకోండి, అల్యూమినియం రింగులంత సులభంగా అది పట్టేయదు.

ప్రశ్న: నలుపు తెలుపు ఫిల్మ్ మీద గోల్కొండ తీయాలని కోరిక. తాతగారి పెట్టెలో పసుపు, నారింజ, ఎరుపు ఫిల్టర్లున్నాయి. కానీ లెన్సే పసుపు పచ్చగా మారిపోయింది, ఇంక పసుపు ఫిల్టర్ అవసరమా?
– ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని, మాసబ్‌ట్యాంక్

జవాబు: ఈ ఉత్తరం చూసి చాలా సంతోషం వేసింది. యూవీ ఫిల్టర్ గురించి అంత కటువుగా రాసిన నేనే ఈ మూడింటినీ మాత్రం సంచిలోంచి తీయను, ఎందుకంటే వీటికి చేసే పని ఉంది.

రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా ఉన్న కాలంలో ప్లేట్లు నీలి వెలుగుకే ఎక్కువగా స్పందించేవి. ఆ కాలపు చాలా ఫొటోల్లో ఆకాశం ఉత్త తెల్ల కాగితంలా ఉండేది అందుకే. తర్వాత వచ్చిన ఫిల్మ్ అన్ని రంగులనూ చూస్తుంది కానీ నీలం అంటే దానికీ కాస్త మక్కువ ఎక్కువే. పసుపు ఫిల్టర్ ఆ నీలాన్ని కొంచెం తగ్గిస్తుంది, మబ్బు విడిగా నిలబడుతుంది. నారింజ ఇంకొంచెం. ఎరుపు పెడితే ఆకాశం చీకటిగా మారి, బాలాహిస్సార్ గోడలు ఎండలో తెల్లగా మండుతున్నట్టు కనిపిస్తాయి. నాకైతే గోల్కొండ రాళ్ళకు నారింజే ఇష్టం, ఎరుపులో నీడలు మరీ గోతుల్లా అయిపోతాయి. వానలు వెనకబడ్డాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మబ్బులు తునకలు తునకలుగా తేలుతుంటాయి, అప్పుడు వెళ్ళమ్మా.

వెలుగు లెక్క గుర్తుంచుకో: పసుపుకు సుమారు 1 స్టాప్ (ఒక్కో స్టాప్ అంటే వెలుగు రెట్టింపు), నారింజకు 2, ముదురు ఎరుపుకు 3 స్టాపులు ఎక్కువ ఇవ్వాలి. కెమెరా లెన్సు గుండానే వెలుగు కొలిచేదైతే చాలావరకు అదే సర్దుకుంటుంది, ఎరుపు దగ్గర మాత్రం మీటర్లు తడబడతాయి కాబట్టి ఫిల్టర్ లేకుండా కొలిచి 3 స్టాపులు కలుపుకోవడం మేలు. చేతి మీటర్ వాడితే అన్నిటికీ నువ్వే కలుపుకోవాలి.

ఇక లెన్సు పసుపు. 50 ఎంఎం ఎఫ్/1.4 టాకుమార్ లాంటి కొన్ని పాత లెన్సుల గాజులో థోరియం కలిపేవారు, దాని రేడియో ధార్మికత వల్ల ఏళ్ళు గడిచేకొద్దీ గాజు పసుపెక్కుతుంది. మొదటి ఉత్తరం రాసిన మియాపూర్ ఆయన కూడా తన లెన్సును తెల్ల కాగితం మీద పెట్టి చూసుకోవాలి. కెమెరాకు పెట్టి వాడుకోవడానికి భయం అక్కర్లేదు, ఆ గాజును అరగదీయడం, పగలగొట్టడం మాత్రం చేయకూడదు. ఆ పసుపు ఎంత ఉందో, ఏ రంగును ఎంత ఆపుతుందో లెక్క తెలియదు కాబట్టి దాన్ని ఫిల్టర్ అనుకోవద్దు. యూవీ వెలుగు తగిలితే అది తగ్గుతుంది. చిన్న యూవీ ఎల్‌ఈడీ దీపం కింద, వెనక వైపు అల్యూమినియం ఫాయిల్ కప్పి కొన్ని రోజులు ఉంచితే తేడా కనిపిస్తుంది. దీపాన్ని కళ్ళతో నేరుగా చూడొద్దు. కిటికీ ఎండలోనూ పని జరుగుతుంది, కానీ మే నెలలో మన డాబా మీద పెట్టేవు, లోపలి గ్రీజు కరిగి రేకుల మీదికి పాకుతుంది, అద్దాలను అతికించిన బంక కూడా విడిపోవచ్చు. పైగా లెన్సు భూతద్దమే కదా, ఎండను ఒక చోట పోగేసి మంట పుట్టించగలదు. అందుకే దీపమే నయం. ఏ పద్ధతైనా ముందు ఫిల్టర్ తీసేయ్, యూవీ ఫిల్టర్ అలాగే ఉంచి పెట్టిన మనిషిని నేను చూశాను, నెల రోజులైనా రవ్వంత మార్పు లేదు.

ప్రశ్న: జుమ్మెరాత్ బజార్‌లో ఒక ఫిల్టర్ కొన్నాను. అమ్మినవాడు పోలరైజర్ (మెరుపులను తగ్గించే ఫిల్టర్) అన్నాడు. మామూలు బూడిద రంగు అద్దంలానే ఉంది. మోసపోయానా?
– బ్యాంకు ఉద్యోగి, అత్తాపూర్

జవాబు: మీ ల్యాప్‌టాప్ తెరవండి. ఫిల్టర్ ముందు వైపును స్క్రీన్‌కు చూపించి, థ్రెడ్ ఉన్న వైపు నుంచి చూస్తూ మెల్లగా తిప్పండి. ఎక్కడో ఒకచోట స్క్రీన్ నల్లబడితే అది పోలరైజరే. అది పాత లీనియర్ రకమా, సర్క్యులర్ రకమా తెలియాలంటే అద్దం ముందు నిలబడి, థ్రెడ్ వైపు అద్దానికి పెట్టి ఫిల్టర్ గుండా అద్దంలోని అదే ఫిల్టర్‌ను చూడండి. తర్వాత తిరగేసి చూడండి. మొదటిసారి బాగా నల్లగా కనిపించి, తిరగేస్తే తేటపడితే సర్క్యులర్. రెండు వైపులా ఒకేలా ఉంటే లీనియర్. మాన్యువల్ ఫోకస్ లెన్సుతో మిర్రర్‌లెస్ మీద లీనియర్ కూడా బాగానే పనిచేస్తుంది, ముఖ్యంగా ఆటోఫోకస్ ఎస్‌ఎల్‌ఆర్‌ల మీద అది చిక్కు పెడుతుంది.

సూర్యుడు మీ భుజం పక్కన ఉన్నప్పుడు, అంటే 90 డిగ్రీల్లో, దాని బలం ఎక్కువ. చెరువు నీటి మీది మెరుపు, ఆకుల మీది తెల్లదనం తగ్గుతాయి. 1.5 నుంచి 2 స్టాపుల వెలుగు తినేస్తుందని మరిచిపోకండి. పాతవి మందంగా ఉంటాయి, 28 ఎంఎం లెన్సు మీద మూలలు నల్లబడతాయి. హుడ్‌ను పోలరైజర్ ముందు థ్రెడ్‌కే బిగించండి, గుండ్రటి హుడ్ అయితే రెండూ కలిసి తిరిగినా బాధ లేదు.

ప్రశ్న: తాతగారి యాషికామ్యాట్ 124జి ఉంది. దానికి ఏ ఫిల్టరూ మరలో ఎక్కడం లేదు. ఉన్న రెండు లెన్సుల్లో దేనికి పెట్టాలి?
– ఒక పాఠకుడు, అల్వాల్

జవాబు: దానికి మర ఉండదు, బయోనెట్ ఉంటుంది. బే 1 అని అడగండి. ఫిల్టర్ అయినా హుడ్ అయినా ముందు వైపుకు పెట్టి కాస్త తిప్పితే పట్టుకుంటుంది. ఫొటో తీసేది కింది లెన్సు, కాబట్టి రెండూ దానికే. పై లెన్సు మీకు చూపించడానికి మాత్రమే. పోలరైజర్ వాడాలంటే ముందు పై లెన్సుకు పెట్టి, పైనుంచి చూస్తూ మెరుపు తగ్గేదాకా తిప్పి, రింగు మీద ఏ గుర్తు నిట్టనిలువుగా పైకి వచ్చిందో చూసుకుని, కింది లెన్సుకు మార్చాక అదే గుర్తు పైకి వచ్చేలా సర్దండి. బే 1 నుంచి 49కో 52కో మార్చే రింగులు దొరుకుతాయి, అది ఒక్కటి ఉంటే మీ దగ్గరున్న మామూలు ఫిల్టర్లు కూడా పనికొస్తాయి. కాకపోతే పెద్ద హుడ్ పెడితే దాని అంచు పై లెన్సుకు అడ్డం వచ్చి, చూసే అద్దంలో కింది భాగం కనిపించదు. అందుకని హుడ్ మాత్రం బే 1 దే వెతకండి.